రెండో బనియను

మా గ్రౌండులో స్వెట్టరుతో పరుగెత్తడానికి వీల్లేదు. డిసెంబరు వచ్చిందంటే ఈ ఒక్క నియమం మీద ఏటా నాకూ పిల్లల తల్లులకూ పేచీయే. “చలికి రొంప పట్టిద్దేమో మాస్టారూ, కాస్త ఉండనీయండి” అంటుంది ఒకామె. “మావాడికి చిన్నప్పట్నుంచీ ఆయాసం” అంటుంది ఇంకొకామె. మంకీ క్యాపు, మఫ్లరు, లోపల రెండు బనియన్లు, పైన స్వెట్టరు, అన్నీ తొడిగి పంపిస్తారు. ఆ వేషంలో రెండు రౌండ్లు తిరిగేసరికి పిల్లాడు లోపల తడిసి ముద్దయిపోతాడు. ఆ తర్వాత పది నిమిషాలు గాలిలో నిలబడి కబుర్లు చెబుతాడు. అప్పుడు మొదలవుతుంది వణుకు.

నేను పర్చూరు వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరైనవాణ్ణి. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టాక కాగితం మీద మాది బాపట్ల జిల్లా. ఎవరన్నా అడిగితే మాత్రం నోటికి ప్రకాశం అనే వస్తుంది. పత్తి, మిరప, శనగ, పొగాకు పండే నల్లరేగడి మాది. ఉద్యోగం అయిపోయినా కాలు ఆగక, తెల్లారేసరికి స్కూలు గ్రౌండుకి వెళ్తాను. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కీ, అగ్నివీర్‌కీ తయారయ్యే పిల్లలు వస్తారు. పగలు పత్తి తీసి సాయంత్రం పుస్తకం పట్టే పిల్లలు వీళ్ళు. కోచింగు ఫీజులు కట్టే స్తోమత అందరికీ లేదు. అందుకే విజిలు, స్టాప్‌వాచీ పట్టుకుని నేను.

మన చలి ఎంత చలో ముందు చూద్దాం. జనవరి తెల్లవారుజామున మా వైపు 17, 18 డిగ్రీలు. గట్టిగా పట్టిన రోజున 15కి అటూ ఇటూ. లంబసింగిలో సున్నాకి దగ్గరపడిందని టీవీలో చూసి మనమూ గజగజ వణుకుతాం గానీ, పరుగెత్తేవాడికి ఇది చలి కాదు, వరం. మారథాన్ పరుగుకి 10 డిగ్రీల చుట్టుపక్కల వాతావరణం అనుకూలమని ఆ విద్య తెలిసినవాళ్ళు చెబుతారు. ముంబయి మారథాన్‌ని జనవరి మూడో ఆదివారం పెట్టేది అందుకే. మే నెలలో మా రెంటచింతల వైపు పగలు 45 దాటుతుంది, తెల్లారుజామున కూడా ఒళ్ళు జిడ్డుగానే ఉంటుంది. ఏడాది మొత్తంలో మన మైదానం మనిషిని హాయిగా పరుగెత్తనిచ్చేది కార్తీకం నుంచి శివరాత్రి దాకా. ఆ నాలుగు నెలల్నీ దుప్పట్లో పెట్టి, ఎండలు ముదిరాక నోటిఫికేషన్ వచ్చిందని ఉరికొచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

పరుగులో కండరాలు ఖర్చు పెట్టే శక్తిలో ముప్పాతిక వంతు వేడిగానే బయటికి పోతుంది. కాలు కదిలించడానికి పనికొచ్చేది మిగతా పాతిక వంతే. అంటే పది నిమిషాలు గడిచేసరికి ఒంట్లో పొయ్యి రాజుకుంటుంది, దానిమీద స్వెట్టరు ఎందుకు? ఒంటికి ఆ వేడిని వదిలించుకునే దారి చెమట. చెమట ఆరితేనే చల్లదనం. మందపాటి ఊలు, దాని కింద తడిసిన నూలు ఉంటే ఆరేదెక్కడ? పరుగెత్తుతున్నంతసేపు ఉక్కపోత, ఆగిన తర్వాత వణుకు. నీళ్ళు గాలికంటే పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. అందుకే చలికాలంలో తడి బట్ట చల్లగాలికంటే చెడ్డది.

జలుబు సంగతికొస్తే, అది వైరస్ వల్ల వస్తుంది. చలికి తలుపులేసుకుని ఒకే గదిలో పదిమంది కూర్చున్నప్పుడు ఒకరినుంచి ఒకరికి అంటుకుంటుంది. ఊరి బయట గ్రౌండులో పరుగెత్తేవాడికి అంటించేవాడు ఎవడున్నాడు? ఈ మాట తల్లులకి చెబితే తల ఊపుతారు, మర్నాడు మళ్ళీ మఫ్లరు చుట్టి పంపిస్తారు. నేను రాజీకొచ్చాను. గ్రౌండు దాకా ఏం తొడిగినా సరే, వేపచెట్టు కింద అన్నీ విప్పి బనియను మీదే పరుగు. బ్యాగులో ప్లాస్టిక్ కవరులో చుట్టిన పొడి బనియను ఇంకొకటి ఉండాలి. పరుగవగానే తడిది తీసి, ఒళ్ళు తుడుచుకుని, పొడిది తొడుక్కుని, దానిమీద స్వెట్టరు. చలికాలం పరుగుకి మా వైపు కొత్తగా కొనాల్సిన సామాను ఇంతకుమించి లేదు. కొనడానికి డబ్బుండి, పది కిలోమీటర్లు, అంతకుమించి పరుగెత్తేవాళ్ళయితే, చెమట పట్టి ఉంచని పాలిస్టర్ టీషర్టులు రెండు మూడు వందలకే దొరుకుతున్నాయి, కొనుక్కోండి.

పత్తి పండించే నేల మీద కూర్చుని నూలు బట్ట వద్దంటున్నానని మా రైతులు ఎకసెక్కాలాడతారు. మామూలు వాతావరణంలో పత్తి తన బరువులో ఎనిమిది శాతం దాకా గాలిలోని తేమను తనలో ఉంచుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా ఉంచుకోదు. మే నెలలో పొలం పనికి అదే గుణం మనకి ప్రాణం. తడి నిలిచి మెల్లగా ఆరుతూ చల్లగా ఉంచుతుంది. చలిలో ఆ గుణమే ఎదురు తిరుగుతుంది.

దీని సంగతి పూర్తిగా తెలిసినవాడు మా స్కూల్లో చదివి షికాగోలో ఉద్యోగం చేస్తున్న శిష్యుడొకడు. అక్కడ జనవరి రాత్రులు సున్నాకి ఏడెనిమిది డిగ్రీల దిగువన ఉండటం మామూలే, మైనస్ ఇరవై కూడా చూస్తారు. మిషిగన్ సరస్సు ఒడ్డున 18 మైళ్ళ బాట ఉంది, దానిమీద పరుగెత్తుతాడు. వెళ్ళిన మొదటి చలికాలం ఇక్కడి అలవాటుకొద్దీ నూలు టీషర్టు మీద మందపాటి కోటు వేసుకుని బయల్దేరాడట. తిరిగొచ్చేసరికి చొక్కా అంచులు అట్టలా బిగిసిపోయాయి. ఇప్పుడు వాడు ఒంటిని అంటుకుని పల్చటి పాలిస్టర్, లేదా మెరినో ఊలు, దానిమీద కాస్త వేడి పట్టే పొర, అన్నిటికంటే పైన గాలి దూరని పల్చటి జాకెట్టు వేస్తాడు. చెవులు కప్పే టోపీ, చేతి తొడుగులు తప్పనిసరి. బయట ఎంత చలి ఉందో దానికంటే పది డిగ్రీలు వెచ్చగా ఉందనుకుని బట్టలు ఎంచుకోవాలట, అంటే గుమ్మం దాటిన మొదటి ఐదు నిమిషాలు కాస్త వణికితే సరిగ్గా వేసుకున్నట్టు. వాడు చెప్పిన ఇంకో చిట్కా నాకు బాగా నచ్చింది. పోయేటప్పుడు గాలికి ఎదురుగా పోవాలి, వచ్చేటప్పుడు గాలి వీపున పెట్టుకుని రావాలి. చెమట పట్టిన ఒంటికి ఎదురుగాలి తగలకుండా ఉంటుంది.

అక్కడ గాలి వేగాన్నీ చలినీ కలిపి లెక్కగట్టి ‘విండ్ చిల్’ అని చెబుతారు. ఆ లెక్క మైనస్ 28 డిగ్రీలకు దిగితే, కప్పుకోని చర్మం అరగంటలో మంచుకి చచ్చుబడే ప్రమాదం ఉంది. డాలస్, న్యూజెర్సీల్లో ఉండే పిల్లలు పండక్కి ఫోను చేసి “ఇక్కడ చలికి బయటికి పోలేం” అంటే, ఆ మాట న్యూజెర్సీవాళ్ళు అన్నప్పుడే నమ్ముతాను.

మాకు అలాంటి ఇబ్బందులేం లేవు. మాకున్న ఇబ్బంది బద్ధకపు కండరం. ఒంటి లోపలి వేడి రోజు మొత్తంలో తెల్లవారుజామున నాలుగైదు గంటలప్పుడే తక్కువ. సాయంత్రానికి ఎక్కువవుతుంది. అంటే మనం పరుగుకి లేచే వేళకి ఒళ్ళు అన్నివిధాలా అడుగున ఉంటుంది. చల్లబడ్డ కండరం మెల్లగా ముడుచుకుంటుంది, సాగమంటే మొరాయిస్తుంది. పక్కమీదనుంచి లేచి నేరుగా ఫుల్ స్పీడు అందుకున్నవాడే తొడ వెనక కండ పట్టుకుని కూలబడతాడు. చలికాలంలో ఆ కండ పీకుడు కేసులు నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి.

వార్మప్ అంటే మా పిల్లలకి ఒంగి కాలి వేళ్ళు ముట్టుకుని ముప్పై లెక్కపెట్టడం. అది పరుగయ్యాక చేసే పని. చల్లటి కండని అలా సాగదీసి పట్టుకుంటే లాభం లేకపోగా ఉన్న ఊపు కాస్తా తగ్గుతుంది. ముందు ఐదు నిమిషాలు నడక. తర్వాత పది నిమిషాలు ముక్కుతోనే ఊపిరి తీసుకోగలిగినంత మెల్లగా పరుగు. నుదుటి మీద చెమట చిగిర్చిందాకా అంతే. అప్పుడు కాళ్ళు ముందుకీ వెనక్కీ ఊపడం, మోకాళ్ళు నడుం దాకా ఎత్తుతూ పోవడం, మడమలు పిర్రలకి తగిలేలా పోవడం, పెద్ద అంగలు. చివర్లో అరవై డెబ్భై మీటర్లు మూడు నాలుగుసార్లు, ఒక్కోసారి కాస్త వేగం పెంచుతూ. మొత్తం పాతిక నిమిషాలు. మేలో ఇందులో సగం చాలు. వైజాగు అమ్మాయి జ్యోతి యర్రాజి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్‌ని 12.91 సెకన్లలో దాటి వెండి పతకం తెచ్చింది. అలాంటి పరుగుకి ముందు హర్డ్లర్లు చేసే వార్మప్ గంటకి దగ్గర. పదమూడు సెకన్లకి గంట అయితే ఎనిమిది నిమిషాల కానిస్టేబుల్ పరుగుకి పాతిక నిమిషాలు ఎక్కువా?

మా పిల్లలకి ఇది పతకాల లెక్కల్లో చెప్తే ఎక్కలేదు. ఎడ్ల లెక్కలో చెప్తే ఎక్కింది. సంక్రాంతికి మా వైపు కోడిపందేలకంటే ఎడ్ల బండలాగుడు పోటీలకి జనం ఎక్కువ. రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం, ఆపైన సీనియర్లు. ఒంగోలు గిత్తల జతని తోలుకొచ్చిన ఆసామి వాటిని లారీ దింపి నేరుగా బండకి కడతాడా? కట్టడు. ముందు నడిపిస్తాడు. గిట్ట ఎలా వేస్తున్నాయో చూస్తాడు, మెడ నిమురుతాడు, మళ్ళీ నడిపిస్తాడు. వంతు వచ్చేసరికి అవి కాలు దువ్వుతూ ఉంటాయి. “లక్షలు పెట్టి కొన్న గిత్తకి ఆ మర్యాద చేస్తారు, నీ కాలికి నువ్వు చేసుకోవేంరా” అంటే అప్పుడు నవ్వి, నడక మొదలుపెట్టారు.

ఇక గ్రౌండు. రేగడి మీద ఎర్రమట్టి తోలించి చదును చేశాం. 400 మీటర్ల ట్రాకుకి చోటు చాలక 200 మీటర్లకి సున్నం గీత వేశాం. కానిస్టేబుల్ పరుగు 1600 మీటర్లు, అంటే మాకు ఎనిమిది రౌండ్లు. మగపిల్లలకి 8 నిమిషాలు, ఆడపిల్లలకి 10 నిమిషాల 30 సెకన్లు. రౌండుకి అరవై సెకన్లు ఒకరికి, డెబ్భై ఎనిమిది ముప్పావు ఇంకొకరికి. అగ్నివీర్ ర్యాలీలో 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే పూర్తి 60 మార్కులు, దానికి రౌండు నలభై ఒక్క సెకను. జనవరిలో మంచు దిగిన రోజున నేను నిలబడ్డ చోటినుంచి అవతలి మలుపు కనిపించదు. తెల్లటి మంచులోంచి చప్పుడు ముందు వస్తుంది, మనిషి తర్వాత వస్తాడు. ఆ చప్పుడుని బట్టే ఎవరో చెప్పొచ్చు. మడమ మీద పడేవాడిది దబదబ. ముందు పాదం మీద పరుగెత్తే పిల్లది చాటలో బియ్యం కదిపినట్టు సన్నగా. ఐదో రౌండులో సన్నటి చప్పుడు కూడా దబదబగా మారితే ఆ పిల్ల అలిసిందని లెక్క. నేను అరిచేది సెకన్లు మాత్రమే. “యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, అరవై...” దాటినవాడు దాటాడు. అరవై అన్నాక మంచులోంచి వచ్చినవాడి మొహం చూడకుండా పక్కకి తిరుగుతాను. చూస్తే నాకూ బాధ, వాడికీ బాధ.

ఈ పరుగు తయారీకి ఓపిక ఎంత కావాలో 2022 బ్యాచి పిల్లల్ని అడగండి. 6,100 కానిస్టేబుల్ పోస్టులకి ఆ నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది. 2023 జనవరి 22న ప్రిలిమ్స్ అయ్యాయి. ఈవెంట్స్ మొదలైంది 2024 డిసెంబరు 30న. మెయిన్స్ 2025 జూన్ 1న. మొదటి రాతపరీక్షకీ పరుగుకీ నడుమ దాదాపు రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ ఒళ్ళు నిలబెట్టుకున్నవాళ్ళు కొందరు, పెళ్ళిళ్ళయి పొట్ట వచ్చి, డిసెంబరులో కబురు తెలిసి పరుగెత్తుకొచ్చినవాళ్ళు కొందరు. ఇరవై రోజుల్లో ఎనిమిది నిమిషాలకి తెమ్మని నన్నడిగితే నేను చేసే పని ఒకటే, ముందు డాక్టరు దగ్గరికి పంపడం. పరుగు పరీక్షల్లో కుప్పకూలిన పిల్లల వార్తలు పేపర్లో చదువుతూనే ఉంటాం. గుండెదడ, పరుగులో ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, ఇంట్లో చిన్న వయసులో గుండెతో పోయినవాళ్ళు ఉండటం, వీటిలో ఏది ఉన్నా ఈసీజీ తీయించుకుని డాక్టరు సరేనన్నాకే గ్రౌండులోకి రావాలి.

నాకు చలి కంటే భయం పొగ. నవంబరు దాటాక రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటుంది. నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. సాగర్ కుడి కాలువ నీళ్ళు తాగిన చేలల్లోని తేమ ఆ చల్లటి గాలిలో మంచుగా తేలుతుంది. పైన వెచ్చటి గాలి, కింద చల్లటి గాలి. చల్లటిది బరువు, పైకి లేవదు. దాంతోపాటు ఊళ్ళోని పొగంతా కిందే మూతేసినట్టు ఉండిపోతుంది. పత్తి తీతలు అయ్యాక చేలల్లో పత్తి కట్టె తగలబెడతారు. పొయ్యిలు, ఇటుక బట్టీలు ఉండనే ఉన్నాయి. పరుగెత్తేవాడు కూర్చున్నవాడికంటే పది రెట్లకు పైగా గాలి పీలుస్తాడు, నోటితో పీలుస్తాడు. ఢిల్లీలో 2017 నవంబరులో హాఫ్ మారథాన్ వాయిదా వేయమని ఇండియన్ మెడికల్ అసోసియేషన్ మొత్తుకుంది ఇందుకే. మనది ఢిల్లీ అంత కాదు గానీ, పొద్దున్నే గొంతులో గరగర, కళ్ళలో మంట ఉంటే ఆ పూట పరుగు సాయంత్రానికి మార్చేయండి. నాలుగున్నర నుంచి ఐదున్నర మంచి వేళ. ఒళ్ళు అప్పటికే వెచ్చగా ఉంటుంది, గాలి కదిలి పొగ చెదిరిపోయి ఉంటుంది. భోగి నాడు మాత్రం ఎవరెన్ని చెప్పినా మాకు సెలవు. వీధికో మంట, మంటకో పాత టైరు.

చేలో మందు కొడుతుంటే ఆ పక్కకి పోవద్దు. 2021, 22ల్లో నల్ల తామర పురుగు మిరపని ఊడ్చేసినప్పటినుంచీ మందులు కొట్టడం ఇంకా పెరిగింది. గాలి పడిపోయి ఉంటుందని తైవాన్ పంపులు పొద్దున్నే మోగుతాయి. పంపు మోత వినపడిందంటే వెనక్కి తిరగండి. ఫిబ్రవరికి కల్లాల్లో మిరపకాయ పరుస్తారు. కాయ తిరగేసినప్పుడల్లా లేచే ఘాటుకి మామూలు మనిషికే తుమ్ములు, ఉబ్బసం ఉన్నవాడికి అక్కడే అయిపోతుంది. గుప్పెడు దుమ్ము ఎగరేసి గాలి ఎటో చూసుకుని, కల్లానికి గాలి వచ్చే వైపునుంచి పొండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు డాక్టరు రాసిన పీల్చే మందు జేబులో లేకుండా రావద్దు. పరుగుకి ఎంతసేపు ముందు పీల్చాలో కూడా ఆయన్నే అడగండి. మెల్లగా, ఎక్కువసేపు చేసే వార్మప్ వీళ్ళకి అందరికంటే మేలు, పరుగులో వచ్చే పిల్లికూతలు తగ్గుతాయి.

గ్రౌండు లేని ఊళ్ళలో పిల్లలు రోడ్డు మీద పడతారు. డిసెంబరు 21తో పగలు పెరగడం మొదలైనా, మన దగ్గర సూర్యోదయం జనవరి మూడోవారం దాకా ఇంకా ఆలస్యమవుతూనే పోతుంది. గుంటూరులో అప్పుడు పొద్దు పొడిచేసరికి 6.40. ఐదింటికి బయల్దేరితే పరుగంతా చీకట్లోనే. ఆ వేళకే మిర్చి టిక్కీలేసుకుని ట్రాక్టర్లు గుంటూరు యార్డుకి పోతుంటాయి. పత్తి బోరేలు ఎత్తిన ట్రక్కులు రోడ్డుకి రెండువైపులా ఉబ్బి ఉంటాయి, వెనక లైటు ఉంటే అదృష్టం. కూలీల ఆటోల్లో పదిహేనుమంది. వీటికి మీరు కనపడాలి. కుడిపక్కన, అంటే ఎదురొచ్చే బండి మీకు కనపడేలా పరుగెత్తండి. తెల్ల బనియను, వీపు మీదా బూట్ల మడమ మీదా బండ్లకి అంటించే రేడియం స్టిక్కరు ముక్కలు. చెవుల్లో పాటలు పెట్టుకున్నవాణ్ణి నేను మర్నాడు రానివ్వను. ఒంగోలు–గుంటూరు హైవే అసలే వద్దు, మంచులో లారీవాడికి ముందు లారీయే కనపడదు.

డొంకల్లో పరుగు హాయి, కానీ వానలు పోయి రెండు నెలలైతే రేగడి నెర్రెలిచ్చి ఉంటుంది. పాదం దూరేంత నెర్రె మీద నాలుగు గడ్డిపోచలు వాలి కనపడదు. అక్కడ చీలమండ బెణికితే ఆరు వారాలు పోయినట్టే. శనగ చేల గట్ల మీద నిక్కరుతో పోయేవాళ్ళకి ఇంకో బహుమానం ఉంటుంది. శనగాకు మీది మంచు పుల్లగా ఉంటుంది, ఆకు వదిలే ఆమ్లం అందులో కలుస్తుంది. పిక్కలకి తగిలితే ఇంటికెళ్ళి స్నానం చేసిందాకా చురచుర.

ఆడపిల్లల్ని చీకట్లో ఎలా పంపాలనేది ప్రతి ఇంట్లోనూ ఉన్న ప్రశ్న. దానికి మా ఊరి జవాబు ధనుర్మాసం. డిసెంబరు 16 నుంచి సంక్రాంతి దాకా నాలుగున్నరకల్లా గుడి మైకు మోగుతుంది. ప్రతి గుమ్మం ముందూ లైటు వేసి ఒకావిడ కళ్ళాపి చల్లుతూనో, చుక్కలు పెడుతూనో ఉంటుంది. రోడ్డు మీద ఊరంతా ఉన్నట్టే. ఏడాదిలో ఇంత వెలుగూ ఇంతమంది ఆడవాళ్ళూ ఆ వేళకి వీధిలో ఉండే నెల మరొకటి లేదు. ఆడపిల్లల బ్యాచిని నేను ఆ నెలలోనే మొదలుపెడతాను. ఒకటే నిబంధన, ముగ్గు తొక్కకూడదు. ఆ నెలలో అలవాటు పడ్డాక పండగ అయినా మానరు, తల్లులకీ జంకు పోతుంది. ఒకరిద్దరు తల్లులు ముగ్గు పెట్టేసి గ్రౌండు చుట్టూ నడవడం కూడా మొదలుపెట్టారు.

వాళ్ళకి చెప్పేది వేరు. యాభై దాటి బీపీ, షుగరు ఉన్నవాళ్ళు ఐదింటికి చలిలో బయటపడొద్దు. చలికి రక్తనాళాలు బిగుస్తాయి, బీపీ పెరుగుతుంది, గుండెకి పని పెరుగుతుంది. పొద్దెక్కాక ఏడున్నరకి నడవండి. ఆ టోపీలూ శాలువాలూ మీకు సరిగ్గా సరిపోతాయి.

జనవరి, ఫిబ్రవరిల్లో మా ఆడపిల్లల్లో సగంమంది మిరప కోతలకి పోతారు. రోజంతా వంగి కాయ కోసిన నడుం మర్నాడు ఐదింటికి పరుగెత్తమంటే వినదు. కోతకి పోయే రోజుల్లో పావుగంట మెల్ల పరుగు చాలంటాను, గట్టి పరుగు కోత లేని రోజుకి. ఇంకో చిక్కు చేతుల మంట. రాత్రి సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా కారం గోళ్ళ సందుల్లో ఉండిపోతుంది. పరుగులో చెమట కంట్లో పడి చేత్తో తుడుచుకుంటే ఇక ఆ పూట అంతే. మిరప కారం నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. కోతనుంచి రాగానే ముందు చేతులకి కొబ్బరినూనె బాగా రుద్ది, తర్వాత సబ్బుతో కడగాలి. పరుగులో చెమట తుడుచుకోవాలంటే మోచేతి మడతతో తుడుచుకోవాలి, లేదా చున్నీ చెంగు నడుముకి దోపుకుని దాంతో.

తిండి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. లేవగానే ఒక గ్లాసు నీళ్ళు, అరగంట ముందు ఒక అరటిపండు. చలికి దాహం తెలియదు, చెమట మాత్రం పోతూనే ఉంటుంది, పైగా చలిలో మూత్రం ఎక్కువ. మూత్రం పసుపుపచ్చగా ముదిరితే నీళ్ళు చాలడం లేదని అర్థం. రాత్రి గోంగూర, కొరివికారం వేసుకుని కడుపునిండా తిని పడుకున్నవాడికి మూడో రౌండులో గుండెల్లో మంట వస్తుంది. మిరప పండించేవాళ్ళం, మాకేం కాదు అంటారు. అవుతుంది.

ఆఖరికి ఈవెంట్స్ రోజు. ఇంత తయారీ చేసినవాళ్ళు కూడా చెడేది అక్కడే. పొద్దున్నే పిలుస్తారు. సర్టిఫికెట్లు చూస్తారు, ఎత్తు కొలుస్తారు, ఛాతీ కొలుస్తారు. ఆ వరసల్లో గంటలు గడుస్తాయి. ఇంటి దగ్గర చేసుకొచ్చిన వార్మప్ అప్పటికి ఆవిరైపోతుంది. కాబట్టి గేటు దగ్గరే ఒళ్ళు వేడెక్కించుకోవద్దు, కొలతలయ్యే దాకా ట్రాక్‌ప్యాంటు, దుప్పటి కప్పుకుని వెచ్చగా కూర్చోండి. ఒక అరటిపండు అదనంగా పెట్టుకోండి. మీకంటే రెండు బ్యాచిల ముందువాళ్ళని లైన్లోకి పిలిచినప్పుడు లేవండి. పాతిక నిమిషాల పద్ధతి అక్కడ కుదరదు, కాస్త చోటు దొరికితే పది నిమిషాలు నడక, మెల్ల పరుగు, నాలుగు పెద్ద అంగలు. ఆ చోటు కూడా లేకపోతే నిలబడ్డచోటే మోకాళ్ళెత్తి గెంతండి. పక్కవాళ్ళు నవ్వుతారు. నవ్వనీయండి, వాళ్ళదీ మీ బ్యాచే.